నాకో దురలవాటు మంజూరైన వైనం

నాకు దురలవాట్లు లేవు. గొప్పకి చెప్పుకోవడం కాదు. ఆ ఒక్క లోపం వల్ల నా బదిలీ ఆగిపోయింది కనక చెబుతున్నాను.

నా పేరు చిక్కాల త్రిమూర్తులు. పడవ రేవుల శాఖలో జూనియర్ అసిస్టెంటుని. గోదావరి పాయల మీద వంతెనలు కట్టేదాకా రేవుల ఆలనా పాలనా చూడమని, మా నాన్న లాగులు తొడుక్కునే రోజుల్లో, తాత్కాలికంగా ఏర్పాటు చేసిన శాఖ ఇది. వంతెనలు వచ్చాయి. పడవలు పోయాయి, రేవులు పోయాయి. శాఖ మాత్రం చెక్కుచెదరలేదు. తాత్కాలికంగా పెట్టినదాన్ని తీసెయ్యడానికి అధికారం ఎవరికుందో తేల్చమని ఒక ఫైలు కదిలిందట. అదీ ఎక్కడో తాత్కాలికంగా ఆగింది. మా ఆఫీసులో వర్షం నీళ్ళు పట్టడానికి తాత్కాలికంగా పెట్టిన బకెట్టు నేను చేరినప్పటికే అక్కడుంది. ఇప్పుడూ ఉంది.

మా ఆవిడ సత్యవేణి కొండవరం ఆసుపత్రిలో నర్సు. కొండవరం జిల్లాకి ఆ చివర, ఘాట్ రోడ్డెక్కి వెళ్ళాల్సిన ఊరు. పేరులోనే కొండ ఉంది కాబట్టి అక్కడ పడవ రేవు ఉండే అవకాశం లేదు. అయినా మా శాఖకి అక్కడ ఒక ఆఫీసుంది, అందులో ఒక ఖాళీ ఉంది. ఆ ఖాళీలోకి నన్ను పంపమని నేను పెట్టుకున్న అర్జీలకి లెక్కలేదు. శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళి ఆదివారం దిగి వచ్చేసేవాణ్ణి. మా పాప అమ్ములు నన్ను 'శనివారం నాన్న' అనేది. మిగతా రోజులకి వేరే నాన్నలు ఉంటారనుకునేదో ఏమో, పక్కింటివాళ్ళతో కూడా అలాగే చెప్పేది. వాళ్ళు నవ్వేవారు. నాకు మాత్రం గుండెలో ముల్లు దిగినట్టుండేది.

ఈసారి బదిలీల కౌన్సెలింగులో నా పేరు ముందుంది. ఇక పెట్టె సర్దుకోవడమే అనుకుంటుండగా మా కమిషనర్ గారికి జ్ఞానోదయమైంది.

ఆయన ఎక్కడో ఆశ్రమానికి వెళ్ళి మూడు రోజులు కాఫీ మానేశారట. నాలుగో రోజు పొద్దున్న ఒళ్ళు దూదిపింజలా తేలిపోయిందట. తనకి తేలినప్పుడు శాఖకి మాత్రం ఎందుకు తేలకూడదని, కిందికి దిగిరాగానే 'ఆరోగ్య విఘాతక అలవాట్లు మరియు ప్రభావముల నుండి తాత్కాలిక విరామ పథకము' ప్రకటించారు. ప్రతి ఉద్యోగీ ఒక దురలవాటు నుంచి గాని, ఒక దుష్ప్రభావం నుంచి గాని నెల్లాళ్ళు విధిగా విరామం తీసుకోవాలి. తీసుకున్నట్టు ధ్రువపత్రం లేనివాళ్ళకి ప్రమోషను లేదు, సెలవు లేదు, బదిలీ లేదు.

మా ఆఫీసులో పండగే అనుకోండి. అందరికీ కావలసినన్ని ఉన్నాయి. మా సీనియర్ అసిస్టెంటు సూర్యభాస్కరం గారు సిగరెట్టు అని రాశారు. ఆయన ఒకటి ఆర్పకుండానే ఇంకొకటి వెలిగించే మనిషి కాబట్టి ఎవరూ సాక్ష్యం అడగలేదు. మా డిప్యూటీ డైరెక్టరు మృత్యుంజయరావు గారు మధ్యాహ్నం కునుకు అని రాసుకున్నారు. ఇది శాఖకి తీరని నష్టం. భోజనం దగ్గర్నుంచి నాలుగింటిదాకా ఆయన పడుకోబట్టే మేం ఏదో ఒక పని చేసుకునేవాళ్ళం. టైపిస్టు నాగరత్నం గారు ఏ మొహమాటమూ లేకుండా 'దుష్ప్రభావం: అత్తగారు' అని రాశారు. దానిమీద కాస్త చర్చ జరిగింది గాని, అత్తగారు దుష్ప్రభావం కాదని రాతపూర్వకంగా ఇవ్వడానికి ఎవరూ ముందుకి రాలేదు. మంజూరైంది. ఆ పెద్దావిడని కూతురింటికి పంపించారు.

నేను 'లేదు' అని రాశాను.

కాగితం అలాగే తిరిగొచ్చింది. మృత్యుంజయరావు గారు నన్ను పిలిపించారు. ఆయన మామూలుగా మాట్లాడటం మర్చిపోయి చాలా కాలమైంది. ఉత్తర్వులు చదివీ చదివీ ఇంట్లో పెరుగు అడగాలన్నా 'వడ్డించవలసిందిగా కోరడమైనది' అంటారని చెప్పుకుంటారు.

"లేనిదాని నుండి విరామం తీసుకొనుట సాధ్యపడదు గదా. ఖాళీ గడి వల్ల మొత్తం నివేదిక అసంపూర్ణమగుచున్నది" అన్నారాయన.

"నిజంగానే ఏమీ లేవండి. టీ కూడా తాగను. చిన్నప్పట్నుంచీ అంతేనండి" అన్నాను.

ఆయన నా వంక జాలిగా చూశారు. పెంపకంలో ఏదో లోటు జరిగిందన్నట్టుగా చూశారు. పై నుంచి స్పష్టీకరణ తెప్పిస్తానన్నారు. అది వారంలో వచ్చేసింది. మా శాఖ చరిత్రలో వారంలో వచ్చిన జవాబు అదొక్కటే. దాని సారాంశం ఏమిటంటే, దురలవాటు లేని ఉద్యోగి విరామానికి అనర్హుడు. అటువంటి ఉద్యోగి అనుభవజ్ఞుడైన సహోద్యోగి పర్యవేక్షణలో ఒక అలవాటును సక్రమ పద్ధతిలో అభ్యసించి, అలవాట్ల ధ్రువీకరణ సంఘం ముందు నిరూపించుకుని, ఆ తర్వాతే మానవలెను.

అనుభవజ్ఞుడంటే భాస్కరం గారే. ఇద్దరం కిళ్ళీకొట్టు ముందు నిలబడ్డాం. ఆయన విరామంలో ఉన్నారు కాబట్టి ముట్టుకోకూడదు. నోటితో చెప్పాలి, నేను చెయ్యాలి. ఎలా పీల్చాలో, ఎక్కడ ఆపాలో, ఎలా వదలాలో చెబుతుంటే ఆయన కళ్ళు అరమోడ్పులైపోయాయి. నేను ఒక్క దమ్ము పీల్చి, దగ్గి దగ్గి, పక్కనున్న బస్తా మీద కూలబడ్డాను. కిళ్ళీకొట్టతను సోడా కొట్టి నా మొహాన చల్లాడు.

"నీకు గొంతులో సదుపాయం లేదయ్యా" అన్నారు భాస్కరం గారు. "దీనికీ పెట్టి పుట్టాలి."

జర్దా కిళ్ళీ వేయించారు. ప్రపంచం గిర్రున తిరిగింది. నన్ను ఆటోలో ఇంటికి పంపించారు. పేకాట నేర్పారు. ఆఫీసు ఆవరణలో జూదం నిషేధం కాబట్టి చింతగింజలతో ఆడాం. నా దౌర్భాగ్యం ఏమని చెప్పను, పట్టిందల్లా ముక్కే. అందరి గింజలూ నా ముందుకొచ్చి పడ్డాయి. గెలుపును వ్యసనంగా పరిగణించుటకు నిబంధనలు అంగీకరించవని సంఘం కొట్టిపారేసింది. చాడీలు చెప్పడం నేర్పుదామని నాగరత్నం గారు దగ్గర కూర్చోబెట్టుకున్నారు. నేను చెప్పిన చాడీ విని ఆవిడ ఆవలించారు.

కౌన్సెలింగు దగ్గర పడుతోంది. ఇంట్లో అద్దం ముందు నిలబడి, ఒరేయ్ త్రిమూర్తులూ, ఒక్క వెధవ అలవాటు చేసుకోలేకపోయావా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇంతమంది ఇంత సులువుగా చేసేస్తున్న పని నాకు చేతకావడం లేదని ఏడుపొచ్చింది.

చివరి ప్రయత్నంగా నన్ను సంఘం ముందు కూర్చోబెట్టారు. సంఘమంటే మృత్యుంజయరావు గారు, భాస్కరం గారు, నాగరత్నం గారు. వాళ్ళ పద్ధతి ఏమిటంటే, మనిషిని అన్నిటికీ దూరంగా ఊరికే కూర్చోబెట్టాలి. లోపల ఏదైనా అలవాటు దాగి ఉంటే అదే బయటికొస్తుంది. నా ఫోను తీసి బీరువాలో పెట్టారు. సాయంత్రమైంది. నేను శుభ్రంగా కూర్చున్నాను. వాళ్ళకే విసుగొచ్చి, ఇక 'నిరూపణ కాలేదు' అని రాసెయ్యబోతున్నారు.

అప్పుడు ఏడైంది.

నా చెయ్యి జేబులోకి వెళ్ళింది. జేబు ఖాళీ. గడియారం చూశాను, బీరువా చూశాను. లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. నుదుటి మీద చెమట పట్టింది. మృత్యుంజయరావు గారి మొహం వెలిగిపోయింది.

"లక్షణములు కనబడుచున్నవి" అన్నారు. "దాచవద్దు. ఏమిటది?"

"ఇంటికి ఫోన్ చేసే టైమండి. పాపకి కథ చెప్పాలండి. చెబితే గాని అన్నం తినదండి."

"ప్రతిదినమా?"

"ప్రతిరోజూనండి."

"చేయని యెడల?"

"ఉండలేనండి" అన్నాను. నిజమే చెప్పాను మరి.

ఆయన కుర్చీలోంచి లేచి నాతో చెయ్యి కలిపారు. "అభినందనలు. మానలేనిదే వ్యసనము. మీకు సర్వలక్షణ సంపన్నమైన వ్యసనమున్నది." అక్కడికక్కడే 'దుష్ప్రభావం: భార్య, కుమార్తె' అని రాసి ముద్ర వేశారు. నెల్లాళ్ళు ఫోన్ చెయ్యకూడదు, శనివారం బస్సెక్కకూడదు. ఆ తర్వాత ధ్రువపత్రం. దానితో బదిలీ. అంటే భార్యాబిడ్డల దగ్గరికి చేరడానికి వాళ్ళని మానెయ్యాలి. నాకు ఒప్పుకోక గత్యంతరం లేదు.

ఆ రాత్రికి మాత్రం ఫోన్ అనుమతించారు, చివరిసారి కాబట్టి. సత్యవేణి ముందు పకపకా నవ్వింది. నేను నవ్వకపోయేసరికి ఆగిపోయింది.

"నెల్లాళ్ళేగా. ఆ తర్వాత ఒకే ఇంట్లో ఉంటాం. కానివ్వండి" అంది. "మరి అమ్ములుకి ఏం చెప్పమంటారు?"

నేను అమ్ములుకి చెబుతున్నది ఒక పడవ కథ. వంతెనలొచ్చాక పనిలేకుండా పోయిన పడవ ఒకటి, కొండమీదున్న ఒక చిన్నపిల్లని చూడాలని, నది వదిలి రోడ్డు పట్టి ఘాటెక్కి వస్తూ ఉంటుంది. దారిలో మేకలు ఎదురొస్తాయి, లారీవాళ్ళు దారి అడుగుతారు, టోల్‌గేటు దగ్గర పడవకి ఏ రేటో తెలియక గొడవవుతుంది. రోజుకొక మలుపు.

"పడవకి రాయి అడ్డొచ్చిందని చెప్పు. పక్కకి దొర్లించేసి వస్తుందని చెప్పు" అన్నాను.

ఆ నెల ఎలా గడిచిందో అడక్కండి. ఏడైతే చాలు మృత్యుంజయరావు గారి ఎదుట కూర్చోవాలి, పర్యవేక్షణ. ఆయనకి మధ్యాహ్నం కునుకు లేక అప్పటికి కళ్ళు మూతలు పడుతుండేవి. నేను గోడ వంక చూసేవాణ్ణి. శనివారం బస్సు హారను వినబడితే కాళ్ళు వాటంతటవే లేచేవి. మిగతావాళ్ళంతా హాయిగా ఉన్నారు. భాస్కరం గారికి దగ్గు పోయింది. వాళ్ళావిడ ఇన్నేళ్ళకి పక్కన కూర్చుని భోంచేస్తోందని మురిసిపోతూ చెప్పారు. మొగలిపువ్వు వాసన ఎలా ఉంటుందో మళ్ళీ తెలిసిందట.

నెల తిరిగింది. శాలువా కప్పి, బంగారు అంచు ధ్రువపత్రం ఇచ్చారు. అది పట్టుకుని కౌన్సెలింగుకి పరిగెత్తాను. నాకు దక్కిన జవాబు ఇది: 'సదరు ఉద్యోగి భార్యాబిడ్డలతో ఎట్టి సంబంధమూ లేకుండా నెల రోజులు నిర్విఘ్నముగా విధులు నిర్వర్తించగలిగినట్లు ఆయన సమర్పించిన ధ్రువపత్రమే రుజువు చేయుచున్నది. కావున భార్యాభర్తల ప్రాతిపదికన బదిలీ అవసరము లేదని భావించడమైనది.'

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ధ్రువపత్రాన్ని నాలుగు ముక్కలు చేద్దామనుకున్నాను. అట్టతో చేశారు, చిరగలేదు.

అంతలో పై నుంచి ఇంకో ఉత్తర్వు. విరామం తాత్కాలికం కాబట్టి గడువు తీరినవాళ్ళంతా యథాపూర్వ స్థితికి రావాలి. సంఘం ఎదుట అలవాటు పునఃప్రారంభించాలి. పునఃప్రారంభించనివాళ్ళు అనుమతి లేకుండా శాశ్వతంగా మానేసినట్టు లెక్క, అది క్రమశిక్షణా రాహిత్యం.

భాస్కరం గారు బతిమాలుకున్నారు. "నాకక్కర్లేదండి, మానేశానండి, ఇంట్లో సంతోషంగా ఉందండి" అన్నారు. శాశ్వతంగా మానడానికి కమిషనర్ గారి ముందస్తు అనుమతి ఏదని అడిగారు. అది లేదు. సంఘం చూస్తుండగా ఆ పెద్దమనిషి కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా ఒకటి కాల్చారు. నాగరత్నం గారి అత్తగారు కూతురింట్లో సుఖంగా ఉన్నానని, రానని భీష్మించుకు కూర్చుంటే ఆఫీసు జీపు పంపించి తెప్పించారు. ఆవిడ దిగుతూనే జీపు డ్రైవరుకి ముగ్గు తొక్కావని చివాట్లు పెట్టింది. పునఃప్రారంభం అయినట్టు అక్కడే సంతకాలు చేశారు.

నా వంతు సాయంత్రం ఏడింటికి. ఫోన్ బీరువాలోంచి తీసి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టించారు. అవతల ఒక్కసారి మోగగానే ఎత్తారు.

"శనివారం నాన్నా, రాయి దొర్లిందా?" అంది అమ్ములు.

దొర్లిందమ్మా అని, కథ అందుకున్నాను. పడవ మలుపు తిరిగేసరికి పొగమంచు. ముందేముందో కనబడదు. ఎవరో గంట కొడుతూ వస్తున్నారు. అక్కడితో ఆపాను. అమ్ములు అన్నానికి వెళ్ళిపోయింది. సంఘం మాత్రం కదల్లేదు.

"ఆ గంట ఎవరిది?" అన్నారు మృత్యుంజయరావు గారు. నా జన్మలో ఆయన అంత మామూలు తెలుగు మాట్లాడటం నేనదే వినడం.

రేపు తెలుస్తుందండి అన్నాను. పునఃప్రారంభం ఒక్కరోజు చూస్తే చాలు. కాని ఆయన నిర్ధారణ నిమిత్తం మరునాడూ చూడవలసి ఉందని రాసుకున్నారు. మరునాడు అకౌంట్స్ సెక్షనువాళ్ళూ నిర్ధారణకి వచ్చారు. ఆ రోజే నాగరత్నం గారు అత్తగారిని కూడా తీసుకొచ్చారు. గంట ఐస్‌ఫ్రూటు బండివాడిదని తేలేసరికి ఆవిడ చప్పట్లు కొట్టింది. ఏడు కొట్టేవేళకి మా ఆఫీసులో నిలబడటానికి చోటుండేది కాదు. భాస్కరం గారు అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని గీయడం మర్చిపోయేవారు. నాకు జలుబు చేసి ఒకరోజు రాకపోతే, మృత్యుంజయరావు గారు ఏడింటికి జేబులు తడుముకున్నారని, లేచారని, కూర్చున్నారని, మళ్ళీ లేచారని చెప్పారు.

ఆ మాట వినగానే నా బుర్రలో దీపం వెలిగింది. ఆ తర్వాత కథని నేను నడిపిన తీరు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది. రోజూ పడవని ఏదో ఒక లోయ అంచున వదిలేసి ఇంటికి పోయేవాణ్ణి. అమ్ములు పాపం సర్దుకుపోయేది గాని, ఆఫీసు నిద్రపోయేది కాదు.

విరామ పథకం రెండో విడత వచ్చింది. ఏ కార్యాలయానికైనా సామూహిక దురలవాటు ఉంటే తప్పనిసరిగా తెలియపరచాలన్నారు. పథకం కాగితాలు చూసేది నేనే. వేరే అలవాట్లు లేని తీరికైన మనిషిని కదా, నాకే అప్పగించారు. నేను కలం తీసి, వినయంగా నోట్ పెట్టాను. ఈ కార్యాలయ సిబ్బంది యావన్మందీ పడవ కథ అను వ్యసనమునకు లోనై ఉన్నారు. ఏడు గంటలకు చెమటలు పట్టుట, జేబులు తడుముకొనుట మొదలగు లక్షణములు డిప్యూటీ డైరెక్టరు వారితో సహా అందరిలోనూ గమనించడమైనది. తక్షణ విరామము అవశ్యము.

కమిషనర్ గారు ఎంతో మెచ్చుకున్నారు. వ్యసనానికి మూలం ఎక్కడుందో దాన్నే వేరు చెయ్యాలని, సదరు మూలాన్ని జిల్లాలో అన్నిటికన్నా దూరంగా ఉన్న కార్యాలయానికి నెల్లాళ్ళు తాత్కాలికంగా తరలించాలని ఉత్తర్విచ్చారు.

అన్నిటికన్నా దూరంగా ఉన్నది కొండవరం.

మృత్యుంజయరావు గారు రిలీవింగ్ ఆర్డరు మీద సంతకం పెట్టలేక పెట్టారు. నిబంధన నిబంధనే గదా అని తనకి తాను చెప్పుకున్నారు. భాస్కరం గారు బస్టాండుదాకా వచ్చి నా పెట్టె ఎక్కించారు.

"తిరిగి రాకు" అన్నారు చెవిలో. "ఇక్కడ తాత్కాలికం అన్నాక నిన్ను కదిపేవాడు పుట్టాలి."

ఆయన అన్నట్టే అయింది. నెల తిరిగాక నన్ను వెనక్కి పిలవాలా అని ప్రశ్న వచ్చింది. అలవాటు పునఃప్రారంభానికి మనిషి అక్కర్లేదు, ఫోను చాలని తేలింది. రోజూ ఏడింటికి ఆఫీసే నాకు ఫోన్ చేసేది. నా తాత్కాలికం అలాగే ఉంది. నేను వచ్చిన రోజు బుధవారం. బస్సు దిగగానే అమ్ములు నన్ను ఎగాదిగా చూసి, ఇవాళ శనివారం కాదుగా అంది. కాదమ్మా అన్నాను. ఎత్తుకుంటే మెడ చుట్టూ చేతులు వేసి చాలాసేపు వదల్లేదు.

మొన్న పడవని కొండెక్కించేశాను. పడవ వచ్చి ఆ పిల్ల ఇంటి ముందాగింది, పిల్ల ఎక్కి కూర్చుంది, ఇద్దరూ అన్నం తిన్నారు. అమ్ములు తృప్తిగా నిట్టూర్చింది. అంతలో ఏడైంది, ఆఫీసు ఫోన్ వచ్చింది. నేను కంచం ముందున్నాను కాబట్టి తనే ఎత్తి, స్పీకరు నొక్కింది.

"తాతగారూ, పడవ వచ్చేసింది. కథ అయిపోయింది."

అవతల కుర్చీలు కదిలిన చప్పుడు, నాగరత్నం గారి అత్తగారు ముక్కు చీదిన చప్పుడు. చివరికి మృత్యుంజయరావు గారి గొంతు వచ్చింది.

"అయిపోయిందా? ఎవరి అనుమతితో?"